పటంలో లేని కుమార్డీకి

ఇల్లు చేరి నాలుగు రోజులైంది. కొత్తగూడెంలో తొలకరి పడింది. సంచిలోని బట్టలన్నీ ఇంకా బయటికి తీయనేలేదు. చూసినవి, విన్నవి మనసులో పచ్చిగా ఉన్నప్పుడే రాసిపెట్టుకోవాలని కూర్చున్నాను.

మా నాన్న సింగరేణిలో కోల్ ఫిల్లర్. తట్టా చెమ్మస్ (పార) పట్టి బొగ్గు టబ్బులు నింపినవాడు. నేను ముప్పై ఏళ్ళు శాఖా గ్రంథాలయంలో పనిచేసి పదవీ విరమణ చేశాను. కాస్తో కూస్తో నాకు తెలిసినవి ఈ రెండే, బొగ్గూ పుస్తకాలూ. అది తెలిసే మా అబ్బాయి నిరుడు బ్రిటన్‌లోని వేల్స్ రాజధాని కార్డిఫ్ నుంచి వస్తూ ఒక లావుపాటి పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. లూయిస్ జోన్స్ అనే వెల్ష్ గని కార్మికుడు రాసిన రెండు నవలలు ఒకే సంపుటంగా ఉన్నాయి. మొదటిది ‘కుమార్డీ’, 1937లో వచ్చింది. రెండోది ‘వియ్ లివ్’, 1939లో వచ్చింది. బిగ్ జిమ్ అనే గని కార్మికుడు, అతని ఇల్లాలు షాన్, వాళ్ళ కొడుకు లెన్, లెన్ మనసిచ్చిన మేరీ. వీళ్ళ కథే రెండు పుస్తకాలూ. నిఘంటువు పక్కన పెట్టుకుని చదవడానికి నాలుగు నెలలు పట్టింది. షాన్ కనిపించిన ప్రతిచోటా నాకు మా అమ్మే కనిపించింది.

కుమార్డీ అనే ఊరు ఏ పటంలోనూ లేదు. వెల్ష్ భాషలో ‘కుమ్’ అంటే లోయ. రచయిత తన లోయకే వేరే పేరు పెట్టుకుని రాశాడు. ఆయన 1897లో పుట్టింది దక్షిణ వేల్స్‌లోని బ్లైన్‌క్లిడఖ్‌లో. పన్నెండేళ్ళకు పనికి దిగింది ఆ పక్కనే ఉన్న కేంబ్రియన్ గనిలో. ఈ వేసవిలో కార్డిఫ్ వెళ్ళినప్పుడు మా అబ్బాయి కోటలు చూపిస్తానన్నాడు, లండన్ తీసుకెళ్తానన్నాడు. కోడలు సముద్రం చూద్దాం అత్తయ్యా అంది. నేను ఆ లోయ చూపించండి చాలు అన్నాను.

జూన్ 9, ట్రెహావొడ్

కార్డిఫ్ నుంచి ఉత్తరానికి వెళ్ళే కొద్దీ కొండలు దగ్గరికి జరుగుతాయి. రైలు, నది, రోడ్డు, ఇళ్ళు అన్నీ ఒకే సన్నటి సందులో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతాయి. ఇళ్ళు ఒకదానికొకటి అతుక్కుని వరసలు వరసలుగా కొండ వాలుకు కట్టి ఉన్నాయి. మా బొగ్గు ఊళ్ళలో క్వార్టర్ల వరసలు గుర్తొచ్చాయి. ఇక్కడివి రాతివి, పైన పలక రాయి కప్పు.

ఊరి పేర్లు పలకడం ముందు నేర్చుకోవలసి వచ్చింది. ఈ లోయ పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో చూసి నేను ‘రోండ్డా’ అనుకుంటూ వచ్చాను. వాళ్ళ నోట అది మన ‘ద’కు దగ్గరగా, ‘రొంద’ అని వినిపిస్తుంది. ‘ఖ్’ అని గొంతులోంచి పలికే ధ్వని మనకు కష్టమేమీ కాదు. ఆ మాట అంటే టికెట్లు చూసే ఆయన ఎంతో సంతోషపడి, ఇంకో నాలుగు ఊళ్ళ పేర్లు చెప్పి నాచేత పలికించాడు.

ట్రెహావొడ్‌లో లూయిస్ మెర్తిర్ గని 1983లో మూతపడింది. ఇప్పుడు అది మ్యూజియం. పొగగొట్టం, గనిలోకి దించి పైకి లాగే చక్రాలున్న రెండు గోపురాలు అలాగే ఉన్నాయి. బెర్టీ, ట్రెవర్ అని వాటి పేర్లు. మాకు చూపించినాయన అసలైన గని కార్మికుడే. డెబ్బై దాటి ఉంటాయి. మాట్లాడుతున్నప్పుడు ఆయన చేతులు చూశాను. వేళ్ళ కణుపుల మీద, మణికట్టు పక్కన, పచ్చబొట్టులాంటి నీలం గీతలు. తెగిన గాయంలో బొగ్గు పొడి చేరి, పైన చర్మం మూసుకుంటే ఆ మచ్చ చచ్చేదాకా పోదు. మా నాన్న మోచేతి మీద అంగుళమంత గీత ఉండేది. చిన్నప్పుడు దాన్ని గోటితో గీరి పోగొట్టాలని చూసేదాన్ని. ఆ సంగతి చెప్పాను. ఆయన నడుస్తున్నవాడు ఆగి, “ఏ గని?” అని అడిగాడు. కొత్తగూడెం అంటే తెలియదు కదా. అయినా ఎన్ని అడుగుల లోతు, మీథేన్ ఉండేదా, పైకప్పుకు కర్రలు పెట్టేవారా, ఇనుమా అని వరసగా అడిగాడు. నాకు తెలిసినంత చెప్పాను. మా అబ్బాయి అనువదించబోతే, అక్కరలేదు, నాకు అర్థమవుతోందన్నాడు.

అక్కడ చూసినవాటిలో రెండు వస్తువులు మనసులో నిలిచిపోయాయి. ఒకటి తిండి డబ్బా. రేకుతో చేసింది, ఒక చివర గుండ్రంగా, సరిగ్గా రొట్టె ముక్క ఆకారంలో ఉంటుంది. లోపల ఎలుకలు రొట్టె లాక్కుపోకుండా దాన్ని అలా చేయించుకునేవారట. రెండోది రేకు తొట్టి. కార్మికుడి ఇంటి వంటగదిలో పొయ్యి ముందు పెట్టి ఉంది. గనుల దగ్గర స్నానపు గదులు రాకముందు మగవాళ్ళు బొగ్గు మసితోనే ఇంటికి వచ్చేవారు. ఇంట్లో తండ్రి, ఇద్దరు కొడుకులు మూడు వేర్వేరు షిఫ్టుల్లో ఉంటే, ఆ ఇల్లాలు రోజుకు మూడుసార్లు నీళ్ళు కాచాలి, మోయాలి, మురికి నీళ్ళు పారబోయాలి, మసి బట్టలు దులిపి ఆరవేయాలి. నేను తొట్టి అంచు పట్టుకుని చూశాను. ఖాళీదే ఎత్తడానికి రెండు చేతులూ కావాలి. గని పనిలో ఆడవాళ్ళ పేరు ఏ మస్టర్‌లోనూ ఉండదు. ఆ లెక్క నవలలోనే దొరికింది నాకు. లూయిస్ జోన్స్ మగవాళ్ళ సమ్మెల గురించే ఎక్కువ రాశాడని అంటారు. షాన్ వంటింట్లో గడిచే పేజీలను నిదానంగా చదివితే ఆ మాట అనరు.

జూన్ 10, వేరే క్లిడఖ్

మా అబ్బాయి సెలవు పెట్టి కారు తీశాడు. ఫోనులో ‘క్లిడఖ్’ అని కొట్టాడు. గంట దాటాక మేం దిగింది స్వాన్‌సీ పైన, టావీ లోయలోని క్లిడఖ్‌లో. అక్కడ నికెల్ శుద్ధి చేసే పాత కర్మాగారం ఉంది. దాని ఎదుట, దాన్ని స్థాపించిన లుడ్విగ్ మాండ్ విగ్రహం ఉంది. బొగ్గు గని కోసం వచ్చాం అని బస్సు స్టాపులో నిలబడ్డ ఒక పెద్దామెను అడిగితే ఆమె మా ఇద్దరి ముఖాలూ చూసి, క్లిడఖ్ అనేది వాగు పేరమ్మా, వేల్స్‌లో లోయకొక క్లిడఖ్ ఉంటుంది, మీకు కావలసింది రొందలోని క్లిడఖ్ వేల్ అని చెప్పింది. తన బస్సు వచ్చినా ఎక్కకుండా, దారి మొత్తం వివరించి, తర్వాతి బస్సు కోసం ఆగిపోయింది. వద్దంటే వినలేదు.

వాన పట్టుకుంది. కారులోనే కూర్చుని చేపలు, బంగాళాదుంప వేపుడు ముక్కలు తిన్నాం. పొట్లం తొమ్మిదిన్నర పౌన్లు, మన డబ్బులో వెయ్యి రూపాయల మాట. ఒక పొట్లం ఇద్దరికీ మిగిలింది. పైన వెనిగర్ చల్లి ఇస్తారు. ఉప్పూ కారం పెట్టుకుని ఉంటే బాగుండుననిపించింది.

తిరుగు దారి నీత్ లోయ మీదుగా పెట్టించాను. రెసాల్వెన్‌లో బి. ఎల్. కూంబ్స్ ఉండేవాడు. పొరుగున ఉన్న ఇంగ్లండ్ పొలాల నుంచి పని కోసం ఇక్కడికి వచ్చి, గని కార్మికుడై, 1939లో తన జీవితాన్నే పుస్తకంగా రాసినవాడు. వానలో ఆ ఊరు ఐదు నిమిషాలు మాత్రమే చూశాను. బొగ్గు ఊళ్ళన్నీ వలస ఊళ్ళే. మా వీధిలో కరీంనగర్ వాళ్ళు, కోస్తా వాళ్ళు, ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళు ఒకే కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకునేవారు. ఇక్కడా అంతే జరిగింది. పల్లెల నుంచి వెల్ష్ మాట్లాడేవాళ్ళు, ఇంగ్లండ్ నుంచి, ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్ళు, కాఫీ దుకాణాలు పెట్టుకోవడానికి ఇటలీలోని బార్డీ అనే కొండ ఊరి నుంచి వచ్చినవాళ్ళు, అందరూ ఈ సన్నటి లోయల్లోనే సర్దుకున్నారు.

జూన్ 11, టోనిపాండి, క్లిడఖ్ వేల్

ఈ రోజు కోసమే ఇంత దూరం వచ్చాను. మా అబ్బాయికి సెలవు లేదు. కోడలు రాత్రి డ్యూటీ చేసి వచ్చి, రెండు గంటలు పడుకుని, నాతో బయలుదేరింది. వద్దంటే, “మీరు ఒక్కరే ఆ కొండ ఎక్కితే నాకు నిద్ర పడుతుందా అత్తయ్యా” అంది.

టోనిపాండిలో డన్‌రేవెన్ వీధి ఒకటే పెద్ద వీధి. పొడుగ్గా, సన్నగా, రెండు పక్కలా దుకాణాలు. కొన్నింటి తలుపులు ఎప్పటినుంచో మూసి ఉన్నట్టున్నాయి. 1910 నవంబరు 8 రాత్రి ఈ వీధిలోనే దుకాణాల అద్దాలు పగిలాయి. దాని వెనుక ఉన్నది టన్ను బొగ్గుకు ఇచ్చే ధర. ఇక్కడి పెనగ్రైగ్‌లో ఈలీ పిట్ అనే గనిలో కొత్త పొర తెరిచారు. టన్నుకు ఒక షిల్లింగు తొమ్మిది పెన్నీలు ఇస్తామని కంపెనీ అంది. ఆ పొరలో రాయి ఎక్కువ, రెండు షిల్లింగుల ఆరు పెన్నీలు లేనిదే ఇల్లు గడవదని కార్మికులు అన్నారు. కావాలనే నెమ్మదిగా పనిచేస్తున్నారని కంపెనీ ఆరోపించి, సెప్టెంబరు 1న ఆ పొరలో ఉన్న కొద్దిమందినే కాదు, గని మొత్తాన్నీ బయటికి నెట్టి గేట్లు మూసింది. శరదృతువు ముగిసేసరికి కేంబ్రియన్ కంపెనీల గనులన్నింటిలో కలిపి పన్నెండు వేల మంది పని ఆపేశారు. హోం మంత్రిగా ఉన్న చర్చిల్ లండన్ నుంచి పోలీసులను పంపాడు, తర్వాత సైన్యం వచ్చింది. పది నెలలు పస్తులున్నాక, సమ్మెకు ముందు మాట్లాడుకున్న రెండు షిల్లింగుల మూడు పెన్నీలకే తలవంచి, 1911 సెప్టెంబరులో పనిలోకి వెళ్ళారు.

మూడు పెన్నీల తేడా. ఆ మూడు పెన్నీలకు ఒక ఊరు ఊరంతా ఏడాది పాటు ఎందుకు కడుపు మాడ్చుకుందో గనిలో పుట్టిపెరిగినవాళ్ళకు విడమరిచి చెప్పనక్కరలేదు.

ఆ రాత్రి ఒక మందుల దుకాణాన్ని మాత్రం జనం ముట్టుకోలేదు. దాని యజమాని విల్లీ లూయెల్లిన్ వేల్స్ తరఫున రగ్బీ ఆడినవాడు. కోపంలో ఉన్న జనానికి కూడా ఎవరి కిటికీ ఎవరిదో తెలుసు. ఈ సంగతి మాకు చెప్పింది ఇటాలియన్ పేరున్న ఒక కాఫీ దుకాణంలో పక్క బల్ల దగ్గర కూర్చున్న ముసలాయన. ఇక్కడ ఇటాలియన్ కాఫీ దుకాణాలను, యజమాని ఎవరైనా సరే, ‘బ్రాకీ’ అనే పిలుస్తారు. తొలి తరంలో వచ్చిన ఒక కుటుంబం పేరు అది. నురుగు కాఫీ రెండు కప్పులు, ఎండుద్రాక్ష వేసి పెనం మీద కాల్చిన వెల్ష్ కేకులు నాలుగు కలిపి ఎనిమిది పౌన్ల లోపే అయింది. వెల్ష్ కేకు మందంగా ఉంటుంది, పైన పంచదార. వేడిగా ఉన్నప్పుడే తినాలి. చర్చిల్ పేరు ఎత్తగానే ముసలాయన కప్పు కింద పెట్టేశాడు. ఆయన పుట్టకముందే జరిగిన సంగతి అది. తాత చెప్పిన మాటలే ఆయన కోపం.

క్లిడఖ్ వేల్‌కు దారి ఒక్కటే, నిట్టనిలువుగా పైకి. బస్సు ఎక్కాం. ఇక్కడ దిగేటప్పుడు అందరూ డ్రైవరుకు థాంక్స్ చెప్పి దిగుతారు, చిన్న పిల్లలతో సహా. పక్కన కూర్చున్న ఆవిడ నన్ను, ఎక్కడినుంచి అని అడిగింది. ఇండియా అనగానే, తనకు ముప్పై ఏళ్ళు వైద్యం చేసింది ఇండియా డాక్టరే అని, ఆయన చెయ్యి పడితే జ్వరం దిగేదని నా చెయ్యి పట్టుకుని చెప్పింది. వేరే వైద్యులు రావడానికి ఇష్టపడని ఈ గని లోయల్లో మన దేశం నుంచి వచ్చిన డాక్టర్లు దశాబ్దాలు పనిచేశారు. మా కోడలు నర్సు అని తెలిశాక ఇంక ఆమె మమ్మల్ని వదలలేదు. ఎక్కడ దిగాలో చెప్పి, కిటికీలోంచి చెయ్యి ఊపింది.

లోయ చివర, కేంబ్రియన్ గని ఉన్న చోట, ఇప్పుడు చెరువు ఉంది. బాతులున్నాయి. ఒకతను కుక్కను తిప్పుతున్నాడు. గడ్డి ఎంత పచ్చగా ఉందంటే, దాని కింద బొగ్గు ఉండేదని చెబితే నమ్మలేం. అక్కడున్న స్మారకం దగ్గర నిలబడ్డాం. 1965 మే 17న గనిలో గ్యాసు అంటుకుని 31 మంది పోయారు. మరుసటి సంవత్సరం గని మూసేశారు. కోడలు పేర్లన్నీ నిదానంగా, పైకే చదివింది. నేను కళ్ళు మూసుకుని విన్నాను.

తర్వాత బల్ల మీద కూర్చుని, సంచిలోంచి పుస్తకం తీసి ‘కుమార్డీ’ మొదటి పేజీ చదివాను. బిగ్ జిమ్ కొండ మీద ఆగి చుట్టూ చూస్తాడు, చిన్న లెన్ పక్కన ఉంటాడు. ఆ కొండ నా ఎదురుగానే ఉంది.

లూయిస్ జోన్స్ 1918లో ఇక్కడే చెక్‌వెయిమన్‌గా ఎన్నికయ్యాడు. ఈ మాట తెలియకపోతే ఆ నవలలు సగమే అర్థమవుతాయి. కార్మికుడికి కూలి టన్నుల లెక్కన వచ్చేది, అదీ పెద్ద బొగ్గుకే. జల్లెడలోంచి రాలిన చూర్ణానికి పైసా ఇచ్చేవారు కాదు. తూకం వేసేది కంపెనీ మనిషి. అందుకని ఆ మనిషి పక్కన, కార్మికులు ఓట్లేసి ఎన్నుకుని, తమ కూలిలోంచే జీతమిచ్చి, ఇంకొక మనిషిని నిలబెట్టుకునేవారు. కాటా మీద ముల్లు ఎక్కడ ఆగిందో చూసి, తన పుస్తకంలో రాసుకోవడం అతని పని. నా చిన్నతనంలో నాన్న ఇంటికొచ్చి ఎన్ని టబ్బులు నింపాడో గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టేవాడు. వారం చివర జీతం కాగితం చూసి ఆ గీతలు లెక్కపెట్టేవాడు. తేడా వచ్చిన రోజు అన్నం సరిగా తినేవాడు కాదు. నాన్నకు తోడుగా కాటా దగ్గర ఎవరూ లేరు.

ఒక మనిషి పదకొండేళ్ళు అలా ముల్లు మీద చూపు నిలిపి కూర్చుంటే, ఆ తర్వాత రాసే వాక్యం వేరేగా ఉంటుందని నేను నమ్ముతున్నాను. యూనియన్‌లో లేనివాళ్ళు తవ్విన బొగ్గును తూచడానికి ఒప్పుకోక, 1929లో ఆయన ఆ పని పోగొట్టుకున్నాడు. పనిలేనివాళ్ళను కూడగట్టి ఆకలి యాత్రలు నడిపించాడు. మీటింగుకూ మీటింగుకూ నడుమ నవల రాశాడు. 1939 జనవరి 27న, అంతర్యుద్ధంలో ఉన్న స్పెయిన్ ప్రజల కోసం ఒక్క రోజులో ముప్పైకి పైగా సభల్లో మాట్లాడి, ఆ రాత్రి గుండె ఆగి చనిపోయాడు. రెండో నవల అచ్చయ్యింది ఆయన పోయాకే. తొందరలో రాసినది, అక్కడక్కడ ఉపన్యాసంలా ఉంటుంది, నిజమే. సమయం లేని మనిషి రాసిన పుస్తకం అది. అందులోని లోపాలు కూడా నాకు ఆప్తంగానే అనిపిస్తాయి.

ఇదే కొండకు అవతలి వైపు గిల్వఖ్ గోఖ్ ఉంది. ప్రపంచమంతా చదివిన ‘హౌ గ్రీన్ వాజ్ మై వ్యాలీ’ నవలకు ఆధారం ఆ ఊరే అంటారు. అదీ 1939లోనే వచ్చింది. దాని రచయిత రిచర్డ్ లూయెల్లిన్ పుట్టింది లండన్‌లో. సినిమా తీసింది కాలిఫోర్నియాలో. అందమైన పుస్తకమే, నేనూ కన్నీళ్ళు పెట్టుకున్నాను. కానీ చెయ్యి మీద నీలం గీత ఉన్నవాడి పుస్తకమే నాకు కావలసింది. కోడలు వెళ్దామా అని అడిగితే వద్దన్నాను.

జూన్ 13, మార్డీ

ఒక రోజు కాళ్ళు పట్టేసి ఇంట్లోనే ఉన్నాను. తర్వాత మా అబ్బాయితో చిన్న రొంద లోయ చివరికి, మార్డీకి వెళ్ళాను. ఇక్కడి కమ్యూనిస్టుల బలం చూసి ఒకప్పుడు పత్రికలు దీన్ని ‘చిన్న మాస్కో’ అని రాసేవి. ఊరి అంచున గని చక్రంలో సగాన్ని నేలలో పాతి స్మారకంగా నిలబెట్టారు. గనుల మూసివేతకు వ్యతిరేకంగా 1984 మార్చి నుంచి 1985 మార్చి దాకా సాగిన సమ్మెలో ఈ గని నుంచి ఒక్కడు కూడా పనిలోకి వెళ్ళలేదు. ఓడిపోయాక, మార్చి 5న తెల్లవారకముందే, బ్యాండు వాయించుకుంటూ, జెండా పట్టుకుని, అందరూ కలిసి గనికి నడిచారు. ఆ గనిని 1990 డిసెంబరులో మూసేశారు. రొందలో మిగిలిన చివరి గని అదే.

రొట్టెల దుకాణంలో పాస్టీ కొనుక్కుంటుంటే (రెండు పౌన్ల అరవై పెన్నీలు, లోపల మాంసం, బంగాళాదుంప, ఉల్లి, మిరియాల ఘాటు) అక్కడ నా వయసు ఆవిడ ఒకరు మాటల్లో పడ్డారు. సమ్మె జరిగిన ఏడాది ఆమెకు ఇరవై రెండేళ్ళట, చంకలో బిడ్డ. ప్రతివారం హాల్లో కూర్చుని ఇంటింటికీ తిండి సంచులు కట్టేవారట. బంగాళాదుంపలు, ఉల్లిగడ్డలు, డబ్బా బీన్సు, ఒక రొట్టె. “ఒక సంచిలో ఎక్కువ, ఒక దాంట్లో తక్కువ పడకూడదు. దానికే ఎక్కువ గొడవ పడేవాళ్ళం,” అంది. 2011లో సకల జనుల సమ్మెలో మా సింగరేణి బావులు నెల రోజులకు పైగా ఆగిన సంగతి చెప్పాను. మా వీధిలో కిరాణా కొట్టు అప్పు పుస్తకాలు ఎంత లావయ్యాయో చెప్పాను. మీరు గెలిచారా అని అడిగింది. రాష్ట్రం వచ్చిందని చెప్పాను. ఆమె నా భుజం చుట్టూ చెయ్యి వేసి గట్టిగా దగ్గరికి తీసుకుంది. దాన్ని ఇక్కడ ‘కుట్చ్’ అంటారు. మా అబ్బాయికి ఏమనాలో తెలియక ఇంకో రెండు పాస్టీలు కొన్నాడు.

జూన్ 14, ట్రెడీగర్

నవలలోని ఊరు కాదిది. వేరే లోయ. కోడలు పట్టుబట్టి తీసుకొచ్చింది, తన ఉద్యోగం పుట్టిన ఊరు చూపిస్తానని. 1890 నుంచి ఇక్కడి కార్మికులు ఒక వైద్య సహాయ సంఘం నడుపుకున్నారు. కూలిలో పౌనుకు మూడు పెన్నీల చొప్పున ఇచ్చి, డాక్టర్లను తామే జీతానికి పెట్టుకున్నారు. మందు, మంత్రసాని, కళ్ళద్దాలు, పెట్టుడు పళ్ళు అన్నీ అందులోనే. పదమూడేళ్ళకు గని దిగిన అన్యూరిన్ బెవాన్ ఈ ఊరివాడు. ఆరోగ్య మంత్రి అయ్యాక 1948 జులై 5న ఈ పద్ధతినే జాతీయ ఆరోగ్య సేవ (ఎన్‌హెచ్‌ఎస్) పేరుతో దేశమంతటికీ ఇచ్చాడు. ఇక్కడ 1920లలో డాక్టరుగా చేసిన ఎ. జె. క్రోనిన్, ఆ అనుభవంతోనే 1937లో ‘ది సిటడెల్’ నవల రాశాడు. అది సంఘం లోపాలను కూడా దాచలేదు.

కూడలిలో పొడుగాటి గడియారపు స్తంభం ఉంది. దాని కింద కూర్చుని కౌల్ అనే పులుసు తిన్నాం. గొర్రె మాంసం, దుంపలు, లీక్ అనే ఉల్లికాడ వేసి ఉడికిస్తారు. జున్ను ముక్క, రొట్టె పక్కన పెడతారు. గిన్నె ఏడు పౌన్లు. మిరపకాయ లేకపోయినా కడుపులో వెచ్చగా కూర్చుంది. కోడలు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మూడు పెన్నీలేనా అత్తయ్యా?” అంది.

తూకం చూసే మనిషికి కొంత, డాక్టరుకు కొంత, బ్యాండుకు కొంత, పుస్తకాలకు కొంత. అసలే చాలని కూలిలోంచి తీసి పక్కన పెట్టారు వీళ్ళు. ఈ నవలల్లో కమిటీ మీటింగులు ఎందుకన్ని ఉంటాయని చదివేటప్పుడు విసుక్కున్నాను. ఆ మీటింగుల్లో వాళ్ళు లెక్క చూసుకుంటున్నది ఈ పెన్నీలే.

జూన్ 15, ట్రియోర్కీ

చివరి రోజు మళ్ళీ రొందకే. ట్రియోర్కీలో పార్క్ అండ్ డేర్ అనే పెద్ద రాతి భవనం ఉంది. ఆ పేరున్న రెండు గనుల కార్మికులు పౌనుకు ఒక పెన్నీ వేసుకుని 1892లో గ్రంథాలయం, సమావేశ మందిరం కట్టుకున్నారు. 1913లో దాని పక్కనే నాటకశాల లేచింది. ఇంత భవనం ఉంటుందని నేను అనుకోలేదు. మన జిల్లా కేంద్ర గ్రంథాలయాలకు కూడా ఇంత ముఖద్వారం లేదు. మనకూ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంది. ముప్పై ఏళ్ళు నేను పనిచేసిన గ్రంథాలయానికి అండ ఆ సెస్సే, జనం ఇచ్చిన ఆ పైసలే. మెట్ల మీద నిలబడి అదే తలుచుకున్నాను. దక్షిణ వేల్స్‌లో ఇలాంటి కార్మిక గ్రంథాలయాలు వందకు పైగా ఉండేవి. గనులు మూతపడుతున్న కాలంలో వాటి పుస్తకాలు ఎటు పోయాయో చాలావాటికి ఆచూకీ లేదు. కొన్నిచోట్ల తూకానికి అమ్మేశారు.

లోపల నాటకం టికెట్లు ఇచ్చే చోట ఒక రిటైర్డ్ టీచరమ్మతో మాట కలిసింది. నేను లైబ్రేరియన్‌ని అని చెప్పగానే, కదలకండి, ఇక్కడే ఉండండి అని ఇంటికి వెళ్ళి, ఇరవై నిమిషాల్లో గుడ్డలో చుట్టిన ఒక పుస్తకం తెచ్చింది. ఆమె తండ్రి పాత గ్రంథాలయం పుస్తకాలు అమ్మేస్తున్న రోజున కొన్నదట, ఆరు పెన్నీలకు. ఒక రష్యన్ నవలకు ఇంగ్లిష్ అనువాదం. వెనుక అట్ట ఊడిపోయి ఉంది. మధ్యలో ఒకచోట పేజీ మూలన బొటనవేలి ముద్ర, నల్లగా.

నేను అలవాటు కొద్దీ చివరి పేజీ తిప్పాను. గడువు తేదీల కాగితం ఇంకా అతికే ఉంది. ముద్రలు ఊదా రంగులో, ఒకదాని కింద ఒకటి, వరస తప్పి, ఒకదాని మీద ఒకటి పడి. ఆ ముద్ర చేతికి ఎంత బరువుగా ఉంటుందో, సాయంత్రం జనం ఎక్కువైతే ఎలా పక్కకు పడుతుందో నాకు తెలుసు. 1931లో నాలుగు తేదీలున్నాయి. 1934 నుంచి దగ్గర దగ్గరగా పడ్డాయి. పనులు లేని సంవత్సరాలవి. 1936 ఒక్కదానిలో పదిహేడు. వేలు పెట్టి రెండుసార్లు లెక్కపెట్టాను. యాభైల్లోకి వచ్చేసరికి ఏడాదికి ఒకటి, రెండు. చివరి తేదీ 1957 మార్చి 11. దాని కింద కాగితం ఖాళీగా ఉంది.

టీచరమ్మ, “మీకు కావాలంటే తీసుకెళ్ళండి,” అంది. వద్దన్నాను. పుస్తకాన్ని గుడ్డలో చుట్టి, ముడి వేసి, తిరిగి ఆమె చేతిలో పెట్టాను.